బటన్లు గీసే పిల్లలకు

హైదరాబాదులోనో బెంగళూరులోనో సియాటిల్‌లోనో కూర్చుని, జనం మాట్లాడుకునే యాప్‌లకు తెరలు గీస్తున్న తెలుగు అమ్మాయిలకూ అబ్బాయిలకూ,

మీ పేర్లు నాకు తెలియవు. సినిమాకైతే చివర్లోనైనా లైట్‌బాయ్ పేరు దాకా వేస్తారు. మీరు గీసిన తెర మీద మీ పేరు ఎక్కడా కనబడదు. అందుకని అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. నేను కంప్యూటర్లు చదివినవాణ్ణి కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. అయినా మీ పని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించడానికి ఒక కారణం ఉంది.

పోయిన మాఘమాసంలో ఒకరోజు పొద్దున ఆరింటికి మా పదో తరగతి స్నేహితుల గ్రూపులో చావు కబురు వచ్చింది. మాతో చదివినవాడి తల్లి పోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి దహనం అని కూడా రాశారు. వెంటనే ఓం శాంతులు మొదలయ్యాయి. రాసినవాళ్ళు కొందరు, పైనవాడు రాసింది కాపీ చేసి పెట్టినవాళ్ళు చాలామంది. ఏడున్నరకి నిద్రలేచిన ఇంకో స్నేహితుడు పైకి జరిపి చూడకుండా, ఆ రోజు పుట్టినరోజున్నవాడికి కేకు బొమ్మ పెట్టాడు. దానికింద బెలూన్లు. బెలూన్ల మధ్యన మళ్ళీ ఓం శాంతి. ఒకాయన చావు కబురుకి బొటనవేలు గుర్తు తగిలించాడు. ఆయన ఉద్దేశం 'చూశాను' అని. ఈ సందట్లో ఎనిమిదింటికి మా స్నేహితుడి తమ్ముడు ఒక ముక్క రాశాడు: పన్నెండింటికి కాదు, పదింటికే తీసుకెళ్తున్నాం. ఆ ముక్క కేకుల కింద పడిపోయింది. మేం ఆరుగురం పన్నెండింటికి చేరేసరికి చితి సగం కాలిపోయింది. మావాడు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే బాధ.

ఆ తర్వాత రెండు రోజులు గ్రూపులో యుద్ధం. పైన చూసుకోవద్దా అని ఒకరు, అడ్మిన్ ఏం చేస్తున్నట్టని ఒకరు, నేను వెళ్ళిపోతున్నానని ఒకరు. అందరికీ అరవై దాటాయి. మనవలున్నారు. ఇదే మనుషులు నెలకోసారి టీ కొట్టు దగ్గర కూడతారు. అక్కడ ఎవరైనా చావు కబురు తెస్తే పుట్టినరోజువాడు తన స్వీటు ప్యాకెట్టు చప్పుడు చేయకుండా స్కూటర్ డిక్కీలో పెట్టేస్తాడు. ఆ మాత్రం తెలియనివాళ్ళెవరూ మాలో లేరు. మరి అక్కడ తెలిసింది ఇక్కడెందుకు తెలియలేదు? మీ తెర మీద చావూ కేకూ ఒకే సైజు బుడగలో, ఒకే 'టింగ్' చప్పుడుతో, ఒకదాని నెత్తిన ఒకటి వచ్చి కూర్చుంటాయి కనక. ఏ యాపో చెప్పను. పేరు మార్చినా కథ మారదు.

ఈ సంగతి నాకు బ్యాంకులోనే తెలిసుండాలి. నేను చేరినప్పుడు మా కౌంటర్‌కి ఇనుప గ్రిల్లు, అందులో చెయ్యి పట్టేంత కంత. ఖాతాదారు వంగి, ఆ కంతలోకి నోరు పెట్టి మాట్లాడాలి. వంగినవాడి గొంతు ఎలా ఉంటుంది? తన సొమ్ము తనకిమ్మని అడుగుతున్నా అడుక్కుంటున్నట్టే ఉంటుంది. కొన్నేళ్ళకి గ్రిల్లు తీసేసి, కౌంటర్ ఎత్తు తగ్గించి, ఎదురుగా రెండు కుర్చీలు వేశారు. అదే ఊరు, అదే జనం. నిన్నటిదాకా వంగి నిలబడ్డ రైతు కుర్చీలో కూర్చుని, 'వడ్డీ ఎలా కట్టారో ఓసారి చెప్పండి' అన్నాడు. అంతకుముందు పదేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వడ్రంగి చేసిన మార్పు అది.

మాట్లాడే చోటును ఎలా కడితే మాట అలా నడుస్తుందని మనవాళ్ళకి కొత్తగా ఎవరో చెప్పనక్కర్లేదు. శాసనసభలో ఎదుటి పార్టీవాణ్ణి తిట్టదలచుకున్నవాడైనా ముందు 'అధ్యక్షా' అనాలి. 'నువ్వు' అనడానికి లేదు. 'అధ్యక్షా, వారు' అనాలి. కోపం స్పీకర్ కుర్చీని చుట్టి వెళ్ళాలి కాబట్టి దారిలో కొంతైనా చల్లారుతుందని ఆ ఏర్పాటు. ఇప్పుడది ఎంతమాత్రం పని చేస్తోందో టీవీల్లో చూస్తూనే ఉన్నాం, అది వేరే గొడవ. అష్టావధానంలో ఇంకా తెలివైన ఏర్పాటు ఉంది. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికే ఒక మనిషిని పెట్టి, అతనికి అప్రస్తుత ప్రసంగి అని పేరిచ్చి, ప్రశ్నలడిగే ఎనిమిది మందిలో ఒకడిగా కుర్చీ వేశారు. మీరు ట్రోల్ అంటారే, వాడే. కాకపోతే వాడు ఒక్కడే, వాడి పేరు అందరికీ తెలుసు, వాడు ముందుకొచ్చి కూర్చుంటాడు, వాడి మాటకీ చమత్కారం ఉండాలి. మిగిలిన ఏడుగురూ వాడి పని అందుకోకూడదు. సభను నవ్వించే పనిని ఇంత జాగ్రత్తగా కొలిచి పెట్టిన వేదిక నాకింకొకటి తెలియదు.

అలాగని పాతదంతా బంగారమని చెప్పడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. ఊరి రచ్చబండను తలుచుకుని కళ్ళొత్తుకునేవాళ్ళు ఒకటి మర్చిపోతుంటారు. ఆ బండ మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు కింద నిలబడాలో, ఎవరు చెప్పులు చేతపట్టుకుని దూరాన ఉండాలో కూడా ఆ ఏర్పాటులోనే ఉండేది. ఆడవాళ్ళకైతే ఆ చెట్టు నీడే లేదు. ఎవడు పడితే వాడు టైపు చేయగల తెర ఒకటి వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. మా అక్కయ్యకి టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడితే చాలని తెలిసిన రోజు నుంచి మా కుటుంబం గ్రూపులో ఆవిడ మాటే పెద్దమాట. ఆ మైకు బొమ్మ ఎవరు గీశారో గానీ వాళ్ళకి నా దండం.

మన భాషకి మీవాళ్ళు చేసిన అన్యాయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. మీరు ఈ పనిలోకి రాకముందటిది కాబట్టి మిమ్మల్ని అనడం లేదు. ఫోన్లలో ఎస్సెమ్మెస్ వచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక సందేశంలో 160 పట్టేవి. తెలుగు లిపిలో అయితే 70. డెబ్భై దాటితే రెండో సందేశం, రెండో రుసుము. పైగా మన అక్షరాన్ని యంత్రం మనలా లెక్కపెట్టదు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం కలిపి ఆరు. ట్విట్టర్ 140 అక్షరాల హద్దు పెట్టిన రోజుల్లోనూ అదే లెక్క. ఒత్తులూ గుణింతాలూ నిండిన భాష మాట్లాడేవాడికి సగం నోరే ఇచ్చారు. దాంతో ఏమైంది? కుర్రకారు 'ela unnav' అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం మొదలుపెట్టింది అనుకున్నాం, భాషాభిమానం లేదని వ్యాసాలు రాశాం. లేనిది అభిమానం కాదు, చోటు. హద్దులు సడలినా ఆ అలవాటు మాత్రం పోలేదు.



ఇక మీ తెరల్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేవి అంకెలు. మాట పక్కన అంకె ఉంటే మనిషి మాటను కాదు, అంకెను చదువుతాడు. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. జనం వార్తల కింద వ్యాఖ్యలు రాసి, ఒకరి వ్యాఖ్యకి ఇంకొకరు పైకో కిందికో ఓటు వేసే చోట అయిదు నెలలపాటు చేశారు. లక్షకు పైగా వ్యాఖ్యలు తీసుకుని, రాసిన వెంటనే కొన్నిటికి చూసుకోకుండా ఒక్క పైఓటు వేశారు, కొన్నిటికి ఒక్క కిందిఓటు, మిగతావాటిని వదిలేశారు. ఆ ఒక్క ఓటు ఎంత పని చేసింది? పైఓటు పడిన వ్యాఖ్యకి మొదటి పాఠకుడు కూడా పైఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. అన్నీ అయ్యాక దాని సగటు మార్కు 25 శాతం ఎక్కువ తేలింది. వ్యాఖ్యలో ఒక్క అక్షరం మారలేదు. విచిత్రమేమిటంటే కిందిఓటు అలా పాకలేదు. పాపం అని తర్వాతివాళ్ళు సరిచేశారు. అంటే జనం చెడ్డవాళ్ళు కారు. మంచికి మోసపోయేవాళ్ళు.

ఈ సంగతి మన పెళ్ళిళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. చదివింపుల పుస్తకంలో మొదటి పేరుగలాయన ఎంత రాస్తే తర్వాతివాళ్ళ చెయ్యి అక్కడే ఆగుతుంది. అందుకే తెలివిగల పెళ్ళిపెద్దలు మొదటి గీతలో ఎవరి పేరు పడాలో ముందే చూసుకుంటారు. మీరు ప్రతి మాట పక్కనా చదివింపుల పుస్తకం తెరిచి పెట్టారు.

ఆ అంకెల మీద ఇంకో మెట్టు ఎక్కి, అంకెలే చర్చను నడిపించేలా చేస్తే ఏమవుతుందో ఫేస్‌బుక్ చూపించింది. 2009లో లైక్ బటన్ వచ్చింది. 2016లో దాని పక్కన ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, ఏడుపు, కోపం బొమ్మలు చేరాయి. 2017లో ఆ బొమ్మ ఏది నొక్కినా మామూలు లైక్‌కి అయిదు రెట్ల విలువ కట్టి, ఆ లెక్కన ఏ రాత ఎంతమందికి చూపించాలో నిర్ణయించారు. లోపలి కాగితాలు 2021లో బయటపడ్డాకే మనకిది తెలిసింది. కోపం బొమ్మ ఎక్కువగా పడే రాతల్లో అబద్ధాలూ ద్వేషమూ ఎక్కువని వాళ్ళ సొంత నిపుణులే తేల్చారు. చివరికి 2020లో కోపం విలువను సున్నా చేశారు. ఒక్కసారి ఆలోచించండి. మూడేళ్ళపాటు భూమ్మీద కోట్లమంది మధ్య ఒక సున్నితమైన విషయం మాట్లాడినప్పుడల్లా, కోపం తెప్పించినవాడి గొంతుకి పెద్ద మైకు తగిలించారు. అది ఎవరి దురుద్దేశమూ కాకపోవచ్చు. ఒక పట్టికలో ఒక గడిలో ఎవరో అయిదు అని కొట్టి ఉంటారు. మీలాంటి వాళ్ళే. బహుశా మధ్యాహ్నం భోజనానికి ముందు.

ఇక మన ఇంటి కథకి వస్తాను. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళలో వాట్సాప్ నిండా వీడియోలు. అందులో బాగా తిరిగిన ఒకటి, పిల్లలు జాగ్రత్త అని చెప్పడానికి కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో అది ప్రచారమని చెప్పే ముక్క కత్తిరించి వదిలారు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులైలో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజినీరు బీదర్ జిల్లాలో తన వెంట ఉన్నవాళ్ళు పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్ళ ఫొటోలు, వీడియోలు వాళ్ళకన్నా ముందే పక్క ఊరు చేరాయి. మహారాష్ట్ర ధూలే జిల్లాలో అయిదుగుర్ని చంపారు.

అప్పుడు రెండు పనులు జరిగాయి. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, జానపద పాటలు కట్టించి ఆ వీడియోల గుట్టు చెప్పించారు. ఒక్కొక్క ఊరికీ ఒక్కొక్క మనిషి వెళ్ళి ఎదురెదురుగా చెప్పడం. రెండో పని మీ రంగం వాళ్ళు చేశారు. జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపనివ్వకుండా కట్టడి చేసింది. అప్పటిదాకా వందల చోట్లకు ఒక్క ఊపులో వెళ్ళేది. వీడియోల పక్కన గబుక్కున ముందుకు తోసే బాణం గుర్తు ఉండేది, దాన్ని తీసేసింది. వేరేవాళ్ళ నుంచి వచ్చిన సందేశానికి 'ఫార్వర్డెడ్' అని చీటీ అతికించింది. 2019 జనవరిలో ఆ అయిదు హద్దు ప్రపంచమంతటికీ పెట్టారు. 2020 ఏప్రిల్లో, కోవిడ్ మందులూ కషాయాలూ ఊరేగుతున్నప్పుడు, చాలా చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కచోటికే పంపగలిగేలా చేశారు. అలాంటి సందేశాల తిరుగుడు 70 శాతం తగ్గిందని ఆ నెలాఖరుకే కంపెనీ ప్రకటించింది.

నన్ను నిద్రపోనివ్వని అంకె ఇదే. ఆ పంపకాలు మానుకున్న మనుషులకి ఎవరూ జ్ఞానబోధ చేయలేదు. వాళ్ళ మనసు మారలేదు. నిషేధించలేదు కూడా, కావాలంటే ఒక్కొక్కరికీ విడివిడిగా పంపుకోవచ్చు. వేలికి కాస్త పని పెరిగింది, అంతే. అంటే అంతకుముందు పంపినవాళ్ళు నమ్మి పంపలేదు, పంపాలని పంపలేదు. పంపడం తేలిక కాబట్టి పంపారు. మరి ఆ తేలిక ఎవరు చేశారు? 2018కి ముందు ఆ బాణం గుర్తు గీసినవాడికి మంచి పనిమంతుడని ఇంక్రిమెంటు కూడా వచ్చి ఉంటుంది. మీ ఆఫీసుల్లో 'రెండు నొక్కుళ్ళ పని ఒక్క నొక్కుడులో చేశాం' అని చప్పట్లు కొడతారని విన్నాను. కొన్ని పనులకు రెండో నొక్కుడే ఆలోచన ఉండే చోటు.

ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తే సరిపోతుందా? సరిపోదు. ట్విట్టర్ రెండూ చూసింది. 2020లో వ్యాసం తెరవకుండానే రీట్వీట్ చేయబోయేవాణ్ణి 'చదివారా?' అని అడిగే చిన్న కిటికీ పెట్టింది. అది చూసినవాళ్ళు వ్యాసం తెరవడం 40 శాతం పెరిగింది. ఆ ఏడే అమెరికా ఎన్నికల ముందు, రీట్వీట్ నొక్కగానే సొంత మాట రాసుకునే గడి తెరుచుకునేలా చేసింది. జనం ఆలోచించి నాలుగు మాటలు కలుపుతారని ఆశ. పంపకాలు 20 శాతం తగ్గిన మాట నిజమే. సొంత మాటలు మాత్రం? అలా కొత్తగా పెరిగినవాటిలో 45 శాతం ఒకే ఒక్క మాట. అవును, నిజం, భేష్. గడి ఖాళీగా కనబడింది కాబట్టి నింపారు. డిసెంబరు నాటికి దాన్ని ఎత్తేశారు. 'చదివారా' అన్నది ప్రశ్న, మనిషి దానికి సిగ్గుపడ్డాడు. రెండోది ఫారం, దాన్ని పూర్తి చేసి గట్టెక్కాడు. బ్యాంకులో ముప్పై రెండేళ్ళు ఫారాలు తీసుకున్నవాణ్ణి, ఈ తేడా నాకు బాగా తెలుసు.

మన మనుషుల గురించి మీకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనకు మొహమాటం అని ఒకటుంది. దానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు కాబట్టి మీ మీటింగుల్లో దాని ప్రస్తావన వచ్చి ఉండదు. చూసినట్టు నీలం టిక్కులు పెట్టారు. చూసీ జవాబివ్వలేదని వియ్యంకుడు అలిగాడు. గ్రూపులోంచి ఎవరైనా తప్పుకుంటే ఫలానావారు వెళ్ళిపోయారని అందరి ముందూ టముకు వేసేవారు. వాట్సాప్ దాన్ని 2022లో ఆపి, అడ్మిన్‌కి మాత్రమే తెలిసేలా మార్చింది. అప్పటిదాకా వెళ్ళిపోతే ఏమనుకుంటారో అని ఉండిపోయినవాళ్ళతో ఎన్ని గ్రూపులు నిండాయో! వినడం ఇష్టంలేని వాళ్ళు కూర్చున్న సభలో మాట్లాడేవాడికి తన మాట అందరికీ నచ్చుతోందన్న భ్రమ కలుగుతుంది. కులాల గ్రూపుల్లో, పార్టీల గ్రూపుల్లో కొందరు అంత ధైర్యంగా ఎందుకు రాస్తారనుకుంటున్నారు? ఎదురు చెప్పడానికి మొహమాటపడే నలభైమంది మౌనాన్ని వాళ్ళు అంగీకారం కింద జమ వేసుకుంటారు. మీ తెరలో 'నాకు ఇది నచ్చలేదు, కానీ మనిషి మీద కోపం లేదు' అని చెప్పే మార్గం లేదు. ముఖాముఖీలో దానికి ఒక తల ఊపు ఉంది, ఒక దగ్గు ఉంది, 'సరే, టీ చెప్పండి' ఉంది.

అవతలివాడి మీద అరవకుండా చర్చ నడిపిన వేదికలు లేకపోలేదు. స్లాష్‌డాట్ అని అమెరికాలో పాత వేదిక ఒకటి. అక్కడ వ్యాఖ్యలకు మార్కులు వేసే అధికారం పాఠకులెవరికీ శాశ్వతంగా ఉండదు. పాఠకుల్లో కొందరికి కొన్నాళ్ళు మాత్రమే, అదీ కొద్ది మార్కులే చేతికిస్తారు. ఆ గడువులో వాడకపోతే పోతాయి. మార్కు మైనస్ 1 నుంచి 5 దాకానే, దాని మీద ఎంతమంది మోజుపడినా పెరగదు. అన్నిటికన్నా నచ్చింది, ఏ చర్చలో మార్కులు వేశావో ఆ చర్చలో నువ్వు మాట్లాడకూడదు. మాట్లాడితే నీ మార్కులు చెరిగిపోతాయి. తీర్పరి వాదించకూడదన్న ధర్మం, అంత చిన్న ఏర్పాటులో.

తైవాన్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2015లో అక్కడ ఊబర్ కార్ల మీద పెద్ద రగడ. ట్యాక్సీవాళ్ళు ఒకవైపు, ఊబర్‌వాళ్ళు ఒకవైపు. పోలిస్ అనే పరికరంతో జనాన్ని మాట్లాడమన్నారు. అందులో మీరు ఒక అభిప్రాయం రాయొచ్చు. ఇతరుల అభిప్రాయానికి ఔననో కాదనో దాటేస్తాననో చెప్పొచ్చు. జవాబు రాసే బటన్ లేదు. మళ్ళీ చదవండి: జవాబు బటన్ లేదు! ఎవడి గొంతు ఎవడూ పట్టుకోవడానికి వీల్లేదు. వాదించాలంటే ఎదుటి పక్షం వాళ్ళు కూడా ఔననేలా కొత్త వాక్యం రాసుకోవాలి. రెండు గుంపులనూ పటం మీద చుక్కల్లా చూపించి, ఇద్దరికీ నచ్చిన వాక్యాలను పైకి తెచ్చారు. ప్రయాణికుల బీమా లాంటి సంగతుల మీద ఇరుపక్షాలకూ పేచీ లేదని తేలింది. ప్రభుత్వం వాటి ఆధారంగానే నిబంధనలు తయారుచేసింది. ప్రతి గొడవకీ ఇది పనికొస్తుందని నేననను. మనసు విప్పి మాట్లాడుకోవాలంటే జవాబు ఉండాల్సిందే. అయితే జవాబు బటన్ కూడా ఒక ఎంపికేననీ, అది ఆకాశం నుంచి ఊడిపడలేదనీ మీకు గుర్తుంటే చాలు.

తెలుగులోనే ఒక ఉదాహరణ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి పేరు రచ్చబండ. ప్రతి వ్యాసం వెనకా ఒక చర్చ పేజీ. అక్కడ లైకుల్లేవు, మార్కుల్లేవు. మాట రాసి చివర సంతకం పెట్టాలి; అలల్లాంటి గుర్తు నాలుగు సార్లు కొడితే పేరూ తేదీ సమయం పడతాయి. జవాబివ్వాలంటే వాక్యం ముందు చుక్కల గుర్తు పెట్టి ఒక మెట్టు లోపలికి జరిగి రాయాల్సి వచ్చేది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఏమన్నారో పదేళ్ళ తర్వాతైనా మెట్లు మెట్లుగా కనబడుతుంది. మాట మార్చినా పాతది చరిత్రలో ఉంటుంది. గొడవలు అక్కడా జరిగాయి. కానీ మనిషి పోయినా వాదం మిగిలింది, తర్వాత వచ్చినవాడు చదివి అందులోంచి పని చేసుకోగలిగాడు. లోపమూ ఉంది. ఆ చుక్కలూ అలలూ చూసి బెదిరి వెనక్కిపోయినవాళ్ళు చాలామంది. ఇప్పుడు జవాబు బటన్ పెట్టారు, బాగానే ఉంది. సంతకం, మెట్లు మాత్రం తీయలేదు. ఏది సులువు చేయాలో, ఏది చేయకూడదో తెలిసి చేసిన మార్పు అది.

ఇంతకీ మిమ్మల్ని ఏం అడగదలచుకున్నాను? మీ కంపెనీల లాభనష్టాల జోలికి పోను, అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. మీ చేతిలో ఉన్నది మాత్రం అడుగుతాను. రేపు మీరు ఒక గ్రూపు తెర గీసేటప్పుడు, అందులో మాట్లాడేది పాతికేళ్ళ కుర్రాడొక్కడే అనుకోకండి. చావు కబురును వేరే చోట, వేరే రంగులో, చప్పుడు లేకుండా నిలిపే వీలు ఇవ్వండి. దాని మీద బెలూన్లు ఎగరకుండా చూడండి. చెప్పిన సమయం మారితే పాత సమయం మీదే గీత పడి కొత్తది కనబడాలి, కింద ఎక్కడో తేలకూడదు. పెళ్ళిపత్రికలో ముహూర్తం మారితే మేం ఎర్రసిరాతో అక్కడే దిద్దేవాళ్ళం. అంకెలు దాచగలిగితే మొదటి గంటైనా దాచండి. ఇద్దరి మధ్య వాదం ఇరవై మెట్లు దాటితే వాళ్ళిద్దర్నీ పక్కగదిలోకి పిలిచే తలుపు ఒకటి పెట్టండి. మా ఇళ్ళలో అమ్మలు చేసే పని అది. గ్రూపులో చేరేవాళ్ళ సంఖ్య 256 నుంచి 1024కి పెంచామని 2022లో గొప్పగా చెప్పారు వాట్సాప్‌వాళ్ళు. అరుగును కల్యాణమండపం చేసి, అరుగు మీద మాట్లాడినట్టే మాట్లాడుకోమంటే ఎలా? మండపానికి వేదికుంటుంది, మైకుంటుంది, ఒకరి తర్వాత ఒకరు లేస్తారు.

ఇంకొకటి. మీరు గీసిన తెరను విడుదల చేసే ముందు ఇంట్లో మీ అమ్మానాన్నల ఫోన్లో వేసి, పక్కన కూర్చుని ఒక వారం చూడండి. వాళ్ళు ఏది నొక్కారో చూడటం కాదు, ఏది నొక్కబోయి ఆగారో చూడండి. మీ పరీక్షల్లో ఆ ఆగడానికి లెక్క లేదని ఒక కుర్రాడు నాకు చెప్పాడు. ఉండేలా చూడండి.

మా గ్రూపులో యుద్ధం సద్దుమణిగింది. వెళ్ళిపోతానన్నవాడు వెళ్ళలేదు. మావాడి ఇంటికి పదకొండో రోజున అందరం కలిసి వెళ్ళాం, ఆయన అన్నం పెట్టించి పంపాడు. అక్కడే అరుగు మీద కూర్చుని ఒక నిర్ణయం చేసుకున్నాం. పుట్టినరోజులు, పద్యాలు, పొద్దుటి దేవుడి బొమ్మలు గ్రూపులో పెట్టుకోవచ్చు. చావు కబురైతే మాత్రం అందులో రాయకూడదు. జాబితా పంచుకుని, ఒక్కొక్కరూ నలుగురికి ఫోన్ చేసి నోటితో చెప్పాలి. నా వంతుకి వచ్చిన నలుగురి నంబర్లు గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ తెరలు వాడే ఒక పెద్దమనిషి